గఫార్ చెప్పే టీ

గల్ఫ్‌లో మనవాళ్లుండే అబ్బాసియాలో ఆరోగ్య బీమా అమ్మే గఫార్, వచ్చినవాళ్లకు ముందు టీ చెబుతాడు. ఎవరు ఎలాంటి టీ తాగుతారో ఎన్నాళ్లయినా మరచిపోడు. ‘అన్నీ వస్తాయి’ అన్న ఒక్క మాటతో మూడు ప్లాన్లూ వివరించేస్తాడు. చక్కెర వద్దన్నవాళ్ల ఫారంలో కూడా షుగర్ జబ్బు గడిలో తానే ‘లేదు’ అని రాసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తాడు. అరబ్బుల ఇంట్లో వంట చేసే ఖైరున్‌బీ కాలికి ఆపరేషనైతే, షుగర్ దాచిందంటూ కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. నిన్న ఆమె కట్టుకాలితోనే వచ్చి అతని ఎదుట కూర్చుంది. గఫార్ అలవాటుగా, "ఈ ఆపాకు చక్కెర లేకుండా ఒకటి" అని కేకేశాడు. వచ్చిన టీని ఆమె అతని ఫారాల మీద ఒంపేసింది.

"నా షుగర్ సంగతి టీ కొట్టోనికి చెప్తావు. కంపెనీకి చెప్పేదానికి నోరు రాలేదా తమ్ముడూ?"