డీజిల్‌లో పెరిగిన బూజు

మా అన్నకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వానాకాలమంతా నాచారంలో ఖాళీ జాగాలో నిలబెట్టిన తన పాత లారీని ఆ పొద్దున బయటికి తీయిస్తే, ఉప్పల్ దాటకముందే మూడుసార్లు ఆగిపోయింది. అక్కడి లారీల అడ్డాకు చేర్చి డీజిల్ ఫిల్టర్ విప్పితే నిండా నల్లటి జిగురు, ట్యాంకు అడుగున నీళ్లు. డ్రైవరే డీజిల్ అమ్ముకుని నీళ్లు కలిపాడని అన్న అక్కడికక్కడే తేల్చేశాడు. అదీ పదిమంది డ్రైవర్ల ముందు. పన్నెండేళ్లుగా మా బండి నడుపుతున్న మనిషి. దొంగ అన్న పేరు పడితే ఆయనకు ఇంకెవరు బండి చేతికిస్తారు?

ట్యాంకు అడుగున తీసినదాన్ని అన్న పచ్చడి సీసాలో పట్టుకుని రామంతాపూర్‌లో మా ఇంటికొచ్చాడు. డ్రైవరన్న వెనకే వచ్చి గడప బయట నిలబడ్డాడు.

"సూడు, సగం నీళ్లే," అన్నాడు అన్న.

నా కళ్లు నీళ్ల మీద లేవు. పైన డీజిల్, కింద నీళ్లు, రెంటి నడుమ మీగడలా ఒక నల్లటి పొర. నేను కాలేజీలో బోటనీ చెబుతాను, అలాంటిది కనబడితే నా చేతులు ఊరుకోవు. చిటికెడు తీసి గాజుపలక మీద పెట్టి, అద్దంతో ఎండను పట్టే నా పాత మైక్రోస్కోప్‌లో చూశాను. సన్నటి దారాలు, కొమ్మలు కొమ్మలుగా. బూజు. డీజిల్ తిని నీళ్లలో బతికే బూజు. ఇరవై ఏళ్లుగా చదవడమే గానీ ఎన్నడూ చూడలేదు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా నాకు పట్టలేదు.

"మరి నీళ్లెవరు వోసిన్రు?"

"ఎవరూ వొయ్యలే అన్నా. సగం ఖాళీ ట్యాంకుతోని నెలల తరబడి నిలబెడితే, లోపలి గాలిల తేమే నీళ్లయి అడుక్కు దిగుతది. గట్ల ఎవరు పెట్టమన్నరు?"

జవాబు గడప బయటి నుంచి వచ్చింది.

"ట్యాంకు నింపి పెడ్దామని జెప్పిన టీచరమ్మా. నిలబడే బండికి డీజిల్ ఎందుకన్నరు సేటు."

అన్నను మైక్రోస్కోప్ మీదికి వంచి చూపించాను. డ్రైవరన్నను లోపలికి పిలిచి కూర్చోబెట్టి చూపించాను. ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. అది ఎట్లా పుడుతుందో, ఎట్లా పెరుగుతుందో నేను ఊపిరి తీసుకోకుండా చెబుతూనే ఉన్నాను. మధ్యలో డ్రైవరన్న తలెత్తి అడిగాడు.

"టీచరమ్మా, దీన్ని అడ్డాకు తీస్కపోవచ్చా?"

అప్పటికిగానీ నా నోరు మూతపడలేదు. బూజు దొరికిందని నేను గంతులేస్తుంటే, ఆయనకు పోయిన పేరు కావాలి. సిగ్గేసింది.

మైక్రోస్కోప్‌ను అన్నే ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చాడు. అడ్డాలో టీ బండి పక్కన బల్ల మీద, ఎండ పడేచోట పెట్టాం. డ్రైవర్లు వరస కట్టారు. ఒక్కొక్కరూ చూసి లేచినప్పుడల్లా, ఎవరూ అడగకుండానే, "ఆయన నీళ్లు కలపలే, తప్పు నాది," అని అన్న చెప్పాడు. చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయి, ఇక చాలన్నట్టు మైక్రోస్కోప్ మీద చెయ్యి వేశాడు.

"పొద్దుగాల మీ మాట ఇన్నోళ్లు ఇంకిద్దరున్నరు సేటు," అన్నాడు డ్రైవరన్న.