పేరు పడకుండా చూసిన నెల

పోయిన వానాకాలం నెల రోజుల పాటు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చీదర పుడుతుంది. భద్రాచలంలో ఒక దవాఖానా లాబ్‌లో పని చేస్తాను. పొద్దున లేస్తే మూత్రం, మలం, కఫం. వాటిని చూసి ఎన్నడూ ముఖం తిప్పుకోలేదు. నా మీద నాకు రోత పుట్టింది మాత్రం ఆ నెలలోనే.

అమ్మ పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక రోజున నాకూ మా చెల్లెకూ మాటలు ఆగిపోయాయి. గొడవ అమ్మ బైబిల్ గురించి. దాని మొదటి ఖాళీ కాగితం మీద మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ రాసి ఉంటుంది. తనకు కావాలని చెల్లె అడిగింది. పెద్దదాన్ని నేనే కదా, ఇవ్వనన్నాను. అప్పటికి దానికి ఏడో నెల. ఆ కడుపుతోనే బస్సెక్కి తిరుమలాయపాలెంలోని తన ఇంటికి వెళ్ళిపోయింది. ఆడపిల్ల పుట్టిందని చర్చిలో ఎవరో చెబితే తెలిసింది. రోజూ బిడ్డ ఫొటోలు ఫోన్‌లో స్టోరీగా పెడుతోందని కూడా వాళ్ళే చెప్పారు.

చెల్లె అకౌంట్‌కు లాక్ లేదు, ఎవరైనా చూడొచ్చు. కానీ చూస్తే చూసినవాళ్ళ జాబితాలో నా పేరు పడుతుంది. అప్పుడు ముందు తగ్గింది నేనే అవుతాను. అందుకు నా ప్రాణం ఒప్పలేదు. పేరు పడకుండా స్టోరీ చూపిస్తామనే సైట్లు వెతికాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త మిషన్ వస్తే నేరుగా రోగి రక్తం పెట్టం. ఫలితం ముందే తెలిసిన శాంపిల్ పెట్టి, సరిగ్గా చెబితేనే నమ్ముతాం. నేనూ అదే చేశాను. మా ఆయన ఫోన్‌లో కొత్త అకౌంట్ తెరిచి, చింతపండు నానబెట్టిన గిన్నె ఫొటో స్టోరీ పెట్టాను. ఒక్కో సైట్‌లో దాన్ని చూసి, ఆయన ఫోన్‌లో పేరేమైనా పడిందా అని చూశాను. మొదటి సైట్ ముందుగా నా పాస్‌వర్డ్ అడిగింది. దొంగ చేతికి తాళాలివ్వమన్నట్టుంది. రెండోది గిన్నెను చూపించింది గానీ, నేను కొత్త ఫొటో పెట్టినా గంటల తరబడి పాతదే చూపించింది. మూడోది బంగారం. ఎప్పుడు పెట్టింది అప్పుడే చూపించింది, జాబితాలో ఒక్క పేరూ లేదు. మూడుసార్లు పరీక్షించాను. రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టలేదు, అంతే.

ఆ బంగారం చుట్టూ ఎంత పెంట! అరకొర బట్టల ఆడవాళ్ళ బొమ్మలు, పేకాట యాడ్లు, మీ భర్త ఎవరితో మాట్లాడుతున్నాడో తెలుసుకోండి అని ఒకటి. అవన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ పోతే, వాటి కింద మా అమ్మ పోలికలున్న పసిముఖం. ఛీ! అయినా రోజూ భోజనం వేళ స్టోర్ రూంలోకి పోయి, గోడవైపు తిరిగి చూసేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే అదే.

ఒకరోజు ఆ సైట్ 'ఇది ప్రైవేట్ అకౌంట్' అంది. చెడిపోయిందేమోనని మళ్ళీ గిన్నె పెట్టి పరీక్షించాను. బాగానే ఉంది. అంటే చెల్లే లాక్ వేసింది. ఎంత పొగరు దీనికి అని తిట్టుకున్నాను.

రెండు రోజులకు చెల్లె భర్త లాబ్‌కు వచ్చాడు. జీపు నడుపుతాడు. పర్ణశాలకు కిరాయి దొరికిందట, యాత్రికులు ఇక్కడ గుడికి వెళ్ళిన సందులో వచ్చాడు.

"ఆమెకు చెప్పకుండ వచ్చిన వదినా," అన్నాడు. "పసిపిల్ల ఫొటోలు అందరికి కనవడేటట్టు పెట్టకు, లాక్ చెయ్యి అని నేను మొదట్నుంచి మొత్తుకున్న. 'వద్దు, అక్క చూస్తదేమో' అన్నది. పొద్దుగాల లేవంగనే ఎవరెవరు చూసిండ్రో చూసేది. మీ పేరు కోసమే. నెల చూసింది. మొన్న, 'ఇగ అక్కకు మనం అక్కర్లేదు' అని లాక్ చేసింది."

నేను ఏరి కోరి పట్టుకున్న సైట్ ఆ నెలలో ఒక్కరోజు కూడా తప్పలేదు.

"అమ్మ బైబిల్ అడగమన్నదా?" అన్నాను.

"లేదు. కొత్తది కొన్నది. అండ్లనే బిడ్డ పేరు రాసింది." జీపు తాళాలు చేతిలోకి తీసుకుని, "ఒక్కనాడన్న చూసిండ్రా వదినా? గది చెప్పుండ్రి చాలు, పోయి చెప్త," అన్నాడు.

చూశానంటే, మరి పేరెందుకు పడలేదంటాడు. ఆ సైట్, ఆ బొమ్మలు, ఆ చింతపండు గిన్నె, అన్నీ చెప్పాలి.

"నాకంత తీరికేడిది?" అన్నాను.

"అవ్ వదినా, మీకు డ్యూటీ గదా," అన్నాడు పాపం. జీపు తిప్పుకునేదాకా ఆయన్ని ఆపే వీలుంది. ఆపలేదు. నా అబద్ధాన్ని నిజమనుకుని ఆయన మా చెల్లె దగ్గరికి తీసుకుపోయాడు.