టీచరమ్మ ముందెక్కే వంతు

బండి నడిపే ఆయన్ని అందరూ మెల్లగయ్య అంటారు. గుంత కనబడితే దానికి దండం పెట్టినంత పని చేసి దాటిస్తాడు. పదకొండేళ్లుగా డయాలసిస్ రోగులను ఇళ్ల నుంచి ఆస్పత్రికి చేరవేస్తున్నాడు. ఎవరు ఏ కుదుపుకు మూలుగుతారో ఆయనకు కంఠతా వచ్చు.

ఈమధ్య ఆస్పత్రికి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. కంప్యూటర్‌లో లెక్కకట్టి బండి తిరిగే చుట్టును తొమ్మిది కిలోమీటర్లు తగ్గించింది. ఆ మిగులుతో ఇంకో ఇద్దరికి బండి దొరికింది. మంచి పనే, కాదనేవాడి నోట మన్ను. కానీ ఆ చుట్టులో మొదటి ఇల్లు టీచరమ్మది. ఆవిడ కిటికీలోంచి ఆస్పత్రి కనబడుతుంది; అయినా అందరికంటే ముందెక్కి గంటా నలభై నిమిషాలు ఊరంతా తిరగాలి.

"బుధవారం నుంచి నా కోసం ఆగకురా," అందావిడ సోమవారం. "డయాలసిస్ సూదికి భయపడను గానీ ఈ తిరుగుడు నావల్ల కాదు. ఎన్నాళ్లుంటే అన్నాళ్లుంటా."

సూది మానేసినవాళ్ల సీట్లు ఎంత తొందరగా ఖాళీ అవుతాయో మెల్లగయ్య చూడనిది కాదు.

మర్నాడు ఆయన ఇంజినీరమ్మ గది గుమ్మంలో నిలబడ్డాడు. "తల్లీ, ఒక్కసారి మా బండెక్కు."

"దారి తప్పుగా ఉందా బాబాయ్?"

"దారి బంగారం. కూర్చుని చూడు."

ఖాళీ బండిలో టీచరమ్మ సీటులో ఆమెను కూర్చోబెట్టాడు. ప్రతి గుమ్మం ముందూ ఆపాడు.

"ఇది ఆఖరి ఇల్లు. మన దర్జీ ఈ మెట్లన్నీ దిగి బండెక్కాలి. తొమ్మిది నిమిషాలు."

"నేను రెండే వేశాను..."

"ఆయన మోకాళ్లు నీ కాగితం చదవలేదమ్మా."

బండి దిగేసరికి ఆ పిల్ల నడుం పట్టుకుంది. "బండి తిరిగింది కొలిచాను బాబాయ్, మనిషి కూర్చున్నది కొలవలేదు," అంది. చదువుతో కళ్లజోడు అందరికీ వస్తుంది, చూపు కొందరికే. ఈ పిల్లకు చూపూ ఉంది. సాయంత్రానికల్లా కాగితం మార్చింది. చుట్టు అదే, ఒకరోజు టీచరమ్మ ఇంటి వైపు నుంచి, ఒకరోజు దర్జీ ఇంటి వైపు నుంచి.

బుధవారం టీచరమ్మ తలుపు తీయకుండానే కసిరింది. "ఆగొద్దన్నానుగా!"

"ముందు ఆగలేదమ్మా, ఆఖర్న ఆగాను. ఎక్కితే అయిదు నిమిషాల్లో ఆస్పత్రి."

బండిలోంచి దర్జీ అరిచాడు. "ఇవాళ తిరుగుడు నాది టీచరమ్మా! నా నడుం విరగకముందే ఎక్కండి."

ఆవిడ ఎక్కింది.

శుక్రవారం మెల్లగయ్య వెళ్లేసరికి గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఉంది.

"రెండు నిమిషాలు ఆలస్యం," అంది చెయ్యి అందిస్తూ. "పద. ఇవాళ తిరిగే వంతు నాది, దర్జీని మెట్లు మెల్లగా దిగమను."