పన్ను కట్టే చోటు

మంగళవారం పొద్దున నా చేతిలో ప్లాస్టరు గిన్నె ఉంది. నీళ్లు కలిపి, మైనంలో నిలబెట్టిన పళ్ల చుట్టూ పోయబోతున్నాను. ఆస్పత్రి అటెండరు ఫోను చేసి, "అన్నా, సార్ పోయినాడు" అన్నాడు. యాడికి అని అడిగాను. సెలవు పెట్టి ఏ పెండ్లికో పోయి ఉంటాడనుకున్నాను. అతడు ఏడ్చేదాకా నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఫోను పెట్టి చూసేసరికి ప్లాస్టరు గిన్నెలోనే బండ అయిపోయింది. ఇరవై ఆరేళ్ల పనిలో నా చేతిలో ప్లాస్టరు అట్లా పాడవడం అదే మొదలు.

దంతవైద్యులు డాక్టర్ ఓబులేసు గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. నిద్రలోనే గుండె ఆగిందట. అనాయాస మరణం, పూర్వజన్మ సుకృతం అని బంధువులు అంటున్నారు. వెనక మిగిలినవాళ్ల ఆయాసం మాట ఎవరూ ఎత్తడం లేదు. దీనజన బాంధవుడు, నిరాడంబరుడు, నిష్కామకర్మి అని సంతాపసభలో వక్తలు పలికిన విశేషణాలన్నీ ఆయనకు అక్షరాలా తగినవే. ఒక్క శాంతమూర్తి అన్నది మాత్రం పచ్చి అబద్ధం. కోపం ఆయనకు ముక్కు మీదే ఉండేది. రెండు రోజులకొకసారి నన్ను తిట్టేవారు, ఆ తిట్లలో తొంభై పాళ్లు నాకు తగినవే.

నేను డాక్టరును కాను. నంద్యాలలో ఒక సందులో కట్టుడు పళ్లు చేసే పనివాణ్ణి. మా నాయన ఆళ్లగడ్డలో రాతిని చెక్కి దేవుళ్లను చేసినాడు, నేను మైనాన్ని చెక్కి పళ్లు చేస్తున్నాను. విగ్రహమంతా పూర్తయినా కన్ను మాత్రం చివరిదాకా తెరవరు. మంచి ఘడియ చూసి, ఉలితో ఆ కన్ను గీసిన తరువాతే అది దేవుడు, అంతవరకు రాయి. ఈ సంగతి నేనొకసారి మాటవరసకు చెబితే ఓబులేసు గారు పట్టుకున్నారు. అప్పటినుంచి కొత్త పళ్ల సెట్టు నోట్లో పెట్టగానే రోగికి అద్దం చూపించడం మానేసి, ఒక జొన్నరొట్టె ముక్క చేతికిచ్చి కొరకమనేవారు. కరకరమని చప్పుడు వినబడితే, "కన్ను తెరిచింది పో" అనేవారు. వినబడకపోతే సెట్టు బయటికి తీసి, ఎక్కడ ఒత్తుతున్నదో వేలితో తడిమి, అక్కడ రవ్వంత గీకి మళ్లీ పెట్టేవారు. ఆ గీకుడు ఒక నిమిషం పని. ఆ నిమిషంలోనే ఆయన విద్య అంతా ఉండేది.

పాములపాడు దగ్గరి రైతుబిడ్డ ఆయన. సర్కారు కొలువులో చేరి మొదట ఆళ్లగడ్డలో, తరువాత నంద్యాలలో పనిచేశారు. చివరి రెండేళ్లు వారానికి రెండు రోజులు ఆళ్లగడ్డలో, నాలుగు రోజులు నంద్యాలలో. ఆయన పనిచేసిన ఆస్పత్రి పేరు రాయను. రాస్తే తప్పు ఆ ఒక్క కప్పు కిందే ఉందనుకుంటారు, అది అంత చిన్న తప్పు కాదు. పన్ను పీకడానికి సూది, మందు ఎప్పుడూ ఉండేవి. అదే పన్నును నిలబెట్టడానికి కావలసిన సరుకు ఏడాదిలో సగం రోజులు వచ్చేది కాదు. "పీకేదానికి పది నిమిషాలు, నిలబెట్టేదానికి పది దినాలు. మన కాడ పది నిమిషాలే వుండాయప్పా" అనేవారు. నిలవగలిగిన పన్నును పీకవలసి వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం సరిగా తినేవారు కాదు. ఒక సమీక్షలో ఎవరో పెద్దాయన, ఏడాదంతా ఏం చేసినారని అడిగితే, "పీకినాం సార్" అని కూర్చున్నారట. హాలంతా విరగబడి నవ్విందని విన్నాను. ఆయన నవ్వించడానికి అనలేదు.

ఇక్కడ నా సిగ్గుమాలిన సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఆయన నాతో చేయించే సెట్లకు మొదట్లో నేను బయటి డాక్టర్ల దగ్గరకంటే ఎక్కువే తీసుకున్నాను. సర్కారు దుడ్లే కదా, ఎవడబ్బ సొమ్మని అనుకున్నాను. మూడేళ్ల తరువాత వాళ్లింట్లో అమ్మగారు, అంటే ఆయన భార్య, నెలాఖరున దుడ్లకు కొంచెం ఆగమని నాతో మొహమాటంగా చెప్పినప్పుడు తెలిసింది, అదంతా ఆయన జీతమని. ఆ రోజు పోయి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన చివరి రోగి చాగలమర్రి వైపు కూలిమనిషి, సుంకులమ్మ. అరవై దాటిన మనిషి, నోట్లో ఒక్క పన్ను లేదు. ఆమె పళ్లు అడిగింది అందానికి కాదు. కోతకాడ మధ్యాహ్నం అందరూ రొట్టె కొరికి తిని లేచేసరికి, ఈమె ఇంకా రొట్టెను నీళ్లలో నానబెట్టుకుంటూ ఉండేది. ముసలిదానికి తినేదానికే పొద్దు చాలదని మేస్త్రి కూలికి పిలవడం తగ్గించాడు. పళ్లు లేకపోతే కూలి లేదు, అదీ ఆమె బాధ. ఆళ్లగడ్డలో ఓబులేసు గారు చూసి, పళ్లు ఉచితంగా కట్టిస్తానన్నారు. ఆమె ఆలోచించి అడిగిందట.

"ఉచితమంటే ఎంతయితాది సామీ?"

ఆ మాట నాకు చెప్పి ఆయన ముందు నవ్వారు. తరువాత నవ్వు ఆగిపోయింది. ఒక సెట్టుకు తక్కువలో తక్కువ ఐదుసార్లు నంద్యాలకు రావాలి. వచ్చిన ప్రతిసారీ పోనూ రానూ బస్సు, ఆ పొద్దు కూలి, ఎవరైనా తోడొస్తే వాళ్ల కూలి. ఆస్పత్రిలో దుడ్లు తీసుకోకపోతే దారిలో అయ్యేదాన్ని ఎవరూ ఖర్చు అనరు. ఆమె అనింది. ఇన్నేళ్ల సర్వీసులో తాను అడగవలసిన ప్రశ్నను ఆమె అడిగిందని ఆయన అన్నారు.

మొదటిసారి వచ్చిన రోజు ఆమె తప్పిపోయింది. పన్ను పీకేది ఆళ్లగడ్డలో, పన్ను కట్టేది నంద్యాలలో అని ఆయన చెప్పి పంపిన మాటను ఆమె గట్టిగా గుర్తుపెట్టుకుంది. బస్సు దిగి, పన్ను కట్టేది యాడప్పా అని అడిగింది. ఎవరో పుణ్యాత్ముడు ఇంటిపన్నులు కట్టే ఆఫీసు చూపించాడు. పాపం, వరసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. గుమాస్తా డోరు నంబరు అడిగితే ఆమె నోరు తెరిచి చూపించింది. వరసంతా నవ్వింది. చివరికి ఒకామె చేయి పట్టుకుని ఆస్పత్రి దారి చూపించింది.

నేను ఆయన గదిలోనే ఉన్నాను. చీటీలు రాసే వేళ అయిపోయింది, ఆయన తాళం చేతిలోకి తీసుకున్నారు. ఆమె వచ్చి జరిగింది చెప్పింది. నాకు నవ్వు ఆగలేదు, నవ్వాను. ఆయన నా వైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను.

"ఎందుకప్పా నవ్వుతాండావ్? ఆయమ్మ సరైన చోటికే పోయింది. నూనె కొన్యా, సబ్బు కొన్యా ఇన్నేండ్లూ పన్ను కడతానే వుండాది. మనమే ఆయమ్మకు పన్ను కట్టలేదు."

తాళం బల్ల మీద పెట్టి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి అప్పుడే నోటి అచ్చు తీశారు. ఆ తరువాత ఆమె మరో మూడుసార్లు వచ్చింది. పోయిన శనివారం మైనం మీద నిలబెట్టిన పళ్లు నోట్లో పెట్టి చూసి, బాగుందన్నారు. "అవ్వా, బేస్తవారం వచ్చేటప్పుడు ఒక రొట్టె కట్టుకొనిరా. నానబెట్టొద్దు, ఎండురొట్టే తేవాల" అన్నారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఆయనను ప్రాణంతో చూడడం అదే కడసారి అని ఏ దేవుడూ నా చెవిలో చెప్పలేదు.

మంగళవారమే దహనం, ఆ సాయంత్రం సంతాపసభ అయినాయి. బుధవారమంతా కూర్చుని ఆ సెట్టు పూర్తిచేశాను. బేస్తవారం ఆమె వచ్చింది. ఆస్పత్రి గది తాళం వేసి ఉండటం చూసి, అటెండరును అడిగి నా దుకాణానికి వచ్చింది. అతడు విషయం చెప్పాడు కాబోలు, కళ్లు తుడుచుకుంటూనే వచ్చింది. కొంగున రొట్టె మూట ఉంది.

నోట్లో పెట్టే పని నాది కాదు, నాకు ఆ హక్కు లేదు. అయినా పెట్టాను. రొట్టె కొరకమన్నాను. కొరికి, అమ్మా అని దవడ పట్టుకుంది. కింద ఎడమవైపు చిగురు ఒరుసుకుపోయి నెత్తురు చారిక కనబడింది. రవ్వంత గీకాలి. ఎంత గీకాలో ఆయన వేలికి తెలుసు, నా ఆకురాయికి తెలియదు. రెండుసార్లు గీకాను, ఈసారి కుడివైపు లేచింది. ఇంక చెయ్యి పెట్టడానికి భయమేసింది. సార్ స్థానంలోకి ఎవరైనా వస్తారన్నాను. ఎప్పుడొస్తారని అడిగింది. బయటి డాక్టరు దగ్గరికి రేపు పోదాం, దుడ్లు నేనిస్తాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఆడించింది.

"రేపు మిరపకోతకు పిలిచినారు. ఇప్పటికే ఐదు కూళ్లు పోయినాయి. ఉచితానికి ఇంక నా కాడ ఏం లేదప్పా."

కోపంగా అనలేదు, నన్ను ఓదార్చినట్టే అనింది. తరువాత ఒక చెంబెడు నీళ్లు అడిగింది. నా గులాబీరంగు చిగుళ్లు, నా తెల్లని పళ్లు గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. రొట్టెను తుంచి నీళ్లలో వేసి, నానేదాకా కూర్చుంది.

సార్, పూలదండలూ పద్యాలూ మీకు చాలామంది సమర్పించారు. నేను తెచ్చింది ఈ అపరాధం ఒక్కటే. మీవంటి దంతవైద్యుడు మళ్లీ రాడని నేననను, వస్తాడేమో, చదువుకున్నవాళ్లకు కొదవ లేదు. కానీ ఆ ముసలమ్మ నోటిలోని లోతు మీ వేలికి మాత్రమే తెలుసు, దాన్ని ఏ చీటీలోనూ రాసిపెట్టలేదు మీరు. మా నాయన కన్ను తెరవని విగ్రహాన్ని ఎన్నడూ గడప దాటించలేదు. నేను దాటించాను. మధ్యాహ్నం చాగలమర్రి బస్సులో అది ఆమె ఒళ్లో కూర్చుని వెళ్లింది. నేను బస్సు కదిలేదాకా అక్కడే నిలబడి, వచ్చి మీకు ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.