సైరన్ కూసేసరికి

అరవై ఏడో ఏట ఎర్మీనియకు ఇంగ్లీషు భూతకాలం మీద మోజు పుట్టిందంటే సెతూబల్ రేవులో ఎవరూ నమ్మలేదు. నిజానికి మోజు మ్యూజియం మీద. వయసులో ఉన్నన్నాళ్లూ ఆమె సార్డీన్ చేపలు డబ్బాల్లో పేర్చిన కార్ఖానానే ఇప్పుడు మ్యూజియం చేశారు. వచ్చే విదేశీయులకు తిప్పి చూపించే మనిషి కావాలి. అబీలియు మాస్టారి ఇంగ్లీషు పరీక్ష నెగ్గితే ఉద్యోగం. తను నిలబడ్డ బల్ల దగ్గర ఇంకెవరో నిలబడి కబుర్లు చెప్పడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు.

దారికి అడ్డం పడింది పాస్ట్ పర్ఫెక్ట్.

"గడిచిపోయిన పనులు రెండున్నాయనుకోండి," అన్నారు మాస్టారు సాయంత్రం క్లాసులో, రాజశాసనం చదువుతున్నంత గంభీరంగా. "ఏది ముందు జరిగిపోయిందో దానికే 'హ్యాడ్' తగిలించాలి."

"రెండూ పోయినవే కదా మాస్టారూ! పోయినవాళ్లలో మళ్లీ పెద్దా చిన్నా ఏమిటి?" అంది ఎర్మీనియ.

అదే కార్ఖానాలో ఆమె పక్కన పనిచేసిన గ్రసియెత్ కిసుక్కున నవ్వింది. "దీనికి పెళ్లి ముందో, పిల్ల ముందో అడిగినా తెలీదు మాస్టారూ."

"నోర్మూసుకోవే, ఉప్పుచేపా!"

మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు. "సరే. సైరన్ కూసింది. అప్పటికే ఏమేం జరిగిపోయాయి?"

ఎర్మీనియ కళ్లు మెరిశాయి. ఒక్కో కార్ఖానాది ఒక్కో కూత. చేపలు వచ్చాయని తమ కూత వినబడితే చాలు, ఏ వేళైనా సరే ఆడవాళ్లు ఉన్నపళాన పనికి పరుగు.

"పడవ ఒడ్డుకొచ్చేసింది. నేను కూర పొయ్యెక్కించేశాను."

"అవే! ఆ రెండింటికీ హ్యాడ్!"

పరీక్ష రోజున కాగితం మీది పాస్ట్ పర్ఫెక్టులన్నిటినీ చేపలో ముళ్లు ఏరినట్టు ఏరింది. ఆఖరున సొంత వాక్యం ఒకటి చెప్పమన్నారు. ఎర్మీనియ లేచి, ఒక్కో ఇంగ్లీషు మాటా కూడబలుక్కుంటూ చెప్పింది: నేను ఇల్లు చేరేసరికి మా అమ్మాయి మొదటి అడుగు వేసేసింది.



"మరి ఎవరు చూశారు?" అన్నారు మాస్టారు. అది పరీక్షలో లేని ప్రశ్న.

"మా అత్తగారు. ఎంత ముద్దుగా వేసిందో పోయేదాకా నాకు వర్ణిస్తూనే ఉంది, మహాతల్లి."

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మార్కు వేశారు. వ్యాకరణంలో తప్పు లేదు మరి.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడామె ఆ బల్ల దగ్గరే నిలబడి చేతులకంటిన వాసన, చలి, పని చేస్తూ పాడిన పాటలు అన్నీ చెబుతుంది. అడుగు సంగతి మాత్రం చెప్పదు. అది టికెట్టు ధరలో కలపలేదు.