ముందు క్షమాపణ, వెనక తప్పు

మా పెదనాన్న పుస్తకాలకు బైండింగు చేసేవాడు. ఆయన బొటనవేలిని జిగురు వదిలేది కాదు, నోటిని "నా కుట్టులో తప్పు రాదు" అన్న మాట వదిలేది కాదు. కాదన్నవాడికి దబ్బనం చూపించేవాడు.

వీధి చివర ప్రార్థనా మందిరంలో బోధకుడు ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. పేజీల అంకెలన్నీ పురుగులు తినేసిన పాత మతగ్రంథాన్ని పెదనాన్న చేత మళ్లీ కుట్టించుకుని, పన్నెండేళ్లుగా అందులోంచే బోధిస్తున్నాడు. "చూశారా! క్షమించిన కథ ముందుంది, తప్పు చేసిన కథ వెనక ఉంది. ఈ వరుస దేవుడు పెట్టింది. ఇదే పరమసత్యం!" అని బల్ల గుద్ది చెప్పేవాడు.

ఒకరోజు అట్ట ఊడిందని ఆ పుస్తకాన్ని దుకాణానికి తెచ్చాడు. పెదనాన్న దాన్ని ఇంకో ప్రతితో పోల్చి చూసి, పగలబడి నవ్వాడు.

"ఒరేయ్, ఆ వరుస దేవుడు పెట్టలేదురా, నేను పెట్టాను. పేజీల కట్టలు రెండు ముందువెనకలు చేసి కుట్టేశాను."

బోధకుడి మొహం పాలిపోయింది. "పన్నెండేళ్లు చెప్పానురా అందరికీ!"

"నా కుట్టులో తప్పు రాదని నేనూ ఇన్నాళ్లూ చెప్పలేదూ?"

ఇంక ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"సరిచేసి కుట్టనా మరి?" అంటూ పెదనాన్న దబ్బనం అందుకున్నాడు.

బోధకుడు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగరా. ముందు నిన్ను క్షమించనీ. తప్పు సంగతి తర్వాత చూద్దాం."