పళ్లెంలో పప్పు

ఊరందరికీ మేడలు కట్టిన తాపీమేస్త్రి, తాను మాత్రం ఒంటిగది ఇంట్లో హాయిగా ఉండేవాడు. "చెయ్యి చాపితే పొయ్యి, కాలు చాపితే గుమ్మం. రాజుకైనా ఇంత సుఖముందా?" అనేవాడు.

ఆ మధ్యాహ్నం భార్య ఆకుకూర వేసి పల్చగా వండిన పప్పు పళ్లెంలో పోసింది. పప్పంతా గోడవైపుకే చేరింది.

"పళ్లెం సొట్టపోయిందిలే," అందామె.

మేస్త్రి పళ్లేన్ని ఇటుది అటు తిప్పి పెట్టాడు. పప్పు మళ్లీ గోడవైపుకే జారింది. నలభై ఏళ్లు నీళ్ల గొట్టం పట్టి మట్టాలు చూసిన మనిషి, ముద్ద నోట పెట్టలేదు.

"లేవవే. బయట తిందాం."

"ఇదేం చోద్యం! ఈ ఎండలోనా?"

"మాట్లాడకుండా పద!"

ఆమెను వీధిలోకి నడిపించి, అలవాటుగా తలుపు లాగాడు. పొద్దున చక్కగా మూసుకున్న తలుపు, ఇప్పుడు గడపకు పట్టేసి సగంలోనే ఆగిపోయింది.